మేస్త్రమ్మ పక్క చోటు

మా చెల్లెలి నోటికి భయపడి రొయ్యలే పొట్టు విడిచేసి బల్ల మీద పడుకుంటాయని షెడ్డంతా ప్రచారం చేసింది నేనే. కొత్తగా పనిలో చేరినవాళ్ళు నిజమే కాబోలనుకునేవారు. ఆవిడ చేతులు ఎప్పుడు ఆడేవో కంటికి ఆనేది కాదు మరి. తల ఇటు, పొట్టు అటు, వీపు మీద ఒక్క గీటు, నల్లదారంలాంటి నరం బయటికి. ఇంత పనీ జరుగుతున్నంతసేపూ ఎవరినో ఒకరిని తిడుతూనే ఉండేది. రొయ్యలు ఒలిచే బల్లకి ఆవిడే పెద్ద. అందరూ మేస్త్రమ్మ అనేవారు. నేనూ అలాగే పిలిచేవాణ్ణి. పొరపాటున చెల్లాయీ అన్నానా, "ఇక్కడ నీకు చెల్లెళ్ళెవరూ లేరు, ఐసు తీసుకురా" అనేది.

నాది ఐసు పని. దిమ్మల్ని మిషన్లో పొడి చేసి, తొట్లలో నింపి బల్లల దగ్గరికి తోసుకెళ్ళడం. నా ఐసు గది ఎంత చల్లనంటే, ఒక చలికాలం అక్కడ మూటలు మోసేవాడొకడు తుమ్మితే ఆ తుమ్ము గాల్లోనే గడ్డకట్టుకుపోయి, ఎండలు ముదిరాక కరిగి వినబడింది. అప్పటికి వాడు పని మానేసి వెళ్ళిపోయాడు కూడా. మనిషి లేని తుమ్ము వినబడేసరికి సూపర్వైజరు గదంతా వెతికాడు. నమ్మకపోతే మీ ఇష్టం. ఇక మీదట చెప్పేదాంట్లో మాత్రం నేను కలిపిందేమీ లేదు. కలపబుద్ధి కాలేదు.

మా చెల్లెలి కొడుకు లారీ డ్రైవరు. షెడ్డులో ఒలిచి గడ్డకట్టించిన సరుకుని రేవుకి చేర్చడం వాడి పని. వాడు పెళ్ళి చేసుకుని తెచ్చిన పిల్లకి తల్లి లేదు. పిన్ని ఇంట్లో కొన్నాళ్ళు, మేనత్త ఇంట్లో కొన్నాళ్ళు, ఎవరింట్లో చాకిరీ ఎక్కువైతే వాళ్ళింట్లో పెరిగింది. అందుకేనేమో, ఎక్కడైనా గోడవారనే కూర్చునేది, లెమ్మంటే లేవడానికి వీలుగా.

"ఏమ్మా, మా చెల్లెలి ఇంట్లో కుర్చీలకి ముళ్ళున్నాయా?" అని అడిగాను ఒకసారి.

"లేదు పెదనాన్నా, ఇక్కడ గాలి బాగుంది."

"గోడలోంచి గాలి వీచే ఇల్లు ఊరు మొత్తానికి ఇదొక్కటే. ఎవరికీ చెప్పకు, పన్ను వేస్తారు."

ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. లోపల్నుంచి మా చెల్లెలు, "నవ్వులు చాలు. గోడని మోయడానికి ఇటుకలున్నాయి. రేపట్నుంచి నా పక్కన వచ్చి నించో, పని నేర్చుకుందువు గాని," అని కేకేసింది.

మేస్త్రమ్మ పక్కన నిలబడి ఒలవడమంటే సామాన్యం కాదు. ఆ నోరు వినలేక ఎవరూ నాలుగు రోజులుండేవారు కాదు. అందుకని బల్ల దగ్గర ఆవిడ ఎడమవైపు చోటు ఖాళీగానే ఉండేది. కోడలుపిల్ల అక్కడ కుదురుకుంది. ఒకనాడు ఎవరో మరిచిపోయి ఆ చోట నిలబడితే, "అది నా కోడలి చోటు, ఇంకోసారి అక్కడ కనిపిస్తే కాళ్ళు విరగ్గొడతా" అందట మా చెల్లెలు. ఆ మాట నాతో చెప్పడానికి ఆ పిల్ల పనిగట్టుకుని ఐసు గదికి వచ్చింది. "నా చోటన్నారు పెదనాన్నా" అంది, తన పేర ఎవరో పొలం రాసిచ్చినట్టు. ఆ పిల్లకి లోకంలో కావలసింది అంతే. ఒక బల్ల, దాని దగ్గర తనదైన మూరెడు జాగా, పక్కన తిట్టే మనిషి.

ఇక్కడ మా షెడ్డు పద్ధతి ఒకటి చెప్పాలి. ఒలిచేవాళ్ళందరూ చేతులకి రబ్బరు తొడుగులు వేసుకోవాలని రూలు. సరుకు కొనే దేశంవాళ్ళు పెట్టిన రూలు. అందరూ వేసుకునేవారు కూడా. కాకపోతే మా దగ్గర కత్తెర ఒకటుండేది. తొడుగు చేతికందగానే బొటనవేలి కొన, చూపుడువేలి కొన కత్తిరించి పారేసేవారు. నరం సన్నంగా ఉంటుంది, తొడుగు మీంచి దొరకదు. దొరక్కపోతే తెగుతుంది. తెగితే సగం లోపలే ఉండిపోతుంది, అది చూసి సరుకు మంచిది కాదంటారు. ఆ మాట అనేవాళ్ళూ తొడుగుల రూలు పెట్టినవాళ్ళే. "వేలికి కళ్ళుంటాయర్రా, గంతలు కట్టకండి" అనేది మేస్త్రమ్మ. తనిఖీకి ఎవరైనా వస్తున్నారని తెలిస్తే కత్తెర దాక్కునేది, కొత్త తొడుగులు బయటికొచ్చేవి, ఆ పూట పని సగమే అయ్యేది. ఇది సూపర్వైజరుకీ తెలుసు, యజమానికీ తెలుసు. తెలియనట్టుండటం అందరికీ అలవాటైపోయింది.

అసలు బాధ వచ్చేది ఆ రెండు వేళ్ళ కొనలకే. రొయ్య తల మీది కొమ్ము గుచ్చుకుంటుంది, దాని రసం చర్మాన్ని తినేస్తుంది, ఆపైన నా ఐసు ఉండనే ఉంది. పాతవాళ్ళ వేళ్ళు చెప్పు అట్టల్లా తయారవుతాయి కాబట్టి వాళ్ళకేం కాదు. కోడలుపిల్లవి కొత్త వేళ్ళు. గోళ్ళ పక్కన వాచి, చీము పట్టాయి. చేతికి పుండున్నవాళ్ళని బల్ల దగ్గరికి రానివ్వకూడదు. పొద్దున్నే గుమ్మంలో అందరూ చేతులు చాపితే చూసి లోపలికి పంపే పని మేస్త్రమ్మదే.

ఆ రోజు కోడలి చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇవి చేతులా, ఉడకబెట్టిన దుంపలా? ఇన్నిళ్ళు తిరిగి పెరిగావు, చేతులెలా చూసుకోవాలో ఒక్కరూ నేర్పలేదా?"

"ఇంటికి వెళ్ళిపోమంటారా అత్తయ్యా?"

"వెళ్ళి గోడకి కాపలా కాస్తావా? పద లోపలికి."

మధ్యాహ్నం క్యారేజీలు తిన్నాక ఆడవాళ్ళందరూ గంబూట్లు ఆరబెట్టే వసారాలో కాసేపు నడుం వాల్చేవారు. నా ఐసు గది కిటికీకి ఆ వసారా మూల ఎదురుగా ఉండేది. ఆ మధ్యాహ్నం కోడలుపిల్ల బూట్ల బల్ల వెనక ఒత్తిగిలి పడుకుంది. మా చెల్లెలు చుట్టూ చూసింది. ఎవరూ గమనించడం లేదని రూఢి చేసుకుని, రొంటిని దోపుకున్న చిన్న ట్యూబు తీసి, ఆ పిల్ల చెయ్యిని ఒళ్ళోకి తీసుకుని, ఒక్కో వేలి కొనకీ మందు అద్దింది. మంట పుడుతుందని కాబోలు, మధ్యమధ్య ఉఫ్ ఉఫ్ అని ఊదింది. ఆవిడ చేతులు అంత నెమ్మదిగా కదలడం ఆవిడ పుట్టినప్పటి నుంచీ నేను చూడలేదు.

కోడలుపిల్ల కళ్ళు మూసుకునే ఉంది. కానీ నిద్రపోయేవాళ్ళ చెయ్యి బరువుగా వేలాడుతుంది. ఆ పిల్ల చెయ్యి మాత్రం, ఇటు తిప్పితే ఇటు, అటు తిప్పితే అటు, చెప్పకుండానే తిరుగుతోంది.

సైరను మోగగానే ట్యూబు మాయమైంది. "లే రాకుమారీ, ఊరంతా వినబడుతోంది నీ గురక," అని మా చెల్లెలు కాలితో తట్టింది. ఆ పిల్ల కళ్ళు నులుముకుంటూ లేచింది.

ఐసు తొట్టి తోసుకుంటూ వెళ్ళి, "ఏమ్మా, నిద్ర బాగా పట్టిందా?" అన్నాను.

"బాగా పట్టింది పెదనాన్నా," అంది తల వంచుకుని. చెవుల దాకా నవ్వు పాకింది.

అప్పట్నుంచి రోజూ ఇదే తంతు. వేళ్ళు మానాయి. మానిపోయాక కూడా ఆ పిల్లకి మధ్యాహ్నం నిద్ర వస్తూనే ఉంది, మా చెల్లెలు మందు అద్దుతూనే ఉంది. అప్పటికి ఆ మందు అవసరం ఎవరికో నేను చెప్పలేను. బల్ల దగ్గరికి వెళ్ళే ముందు అందరితో పాటు ఆ పిల్లా బ్లీచింగు నీళ్ళలో చేతులు ముంచి కడుక్కునేది. అది చాలదని మాలో ఎవరికీ తట్టలేదు. మందులు వాడకూడదని విన్నాం గాని, అది రొయ్యల చెరువులకి చెప్పిన మాటనుకున్నాం.

కొన్నాళ్ళకి మా మేనల్లుడు రేవు నుంచి కబురు తెచ్చాడు. మన సరుకుని కొనే దేశంవాళ్ళ రేవులో ఆపేశారట. షెడ్డులో ల్యాబు చూసే మేడం ఒకావిడ ఉండేది, చదువుకున్నది, మా అందరితో మర్యాదగా మాట్లాడేది. ఏమైందని ఆవిణ్ణే అడిగాను.

"రొయ్యల్లో మందు దొరికిందట పెద్దాయనా. ఉండకూడని మందు."

"ఎంతుందేంటి?"

"లేదన్నంత. వాళ్ళ పాత మిషనుకైతే కనిపించేది కాదు. ఇప్పుడు కొత్త మిషను కొన్నారు. ఎంత ఉండొచ్చని లెక్కేమీ లేదు, కనిపిస్తే తప్పే."

"అంటే తప్పు పెరగలేదు, కన్ను పెరిగిందన్నమాట."

ఆవిడ నవ్వలేదు. ఆ మిషను గురించి నేను మా సందులోవాళ్ళకి నా పద్ధతిలో చెప్పాను. చెరువులో ఒక కన్నీటి చుక్క కలిపితే అది ఏ ఇంటి కోడలిదో కూడా చెప్పగలదని. అందరూ నవ్వారు. అప్పటికింకా నవ్వే ఓపిక ఉంది.

ఆ సరుకుని అక్కడే తగలబెట్టారు. సముద్రం మీద ఉన్న తర్వాతి సరుకు వెనక్కి తిరిగింది. మా షెడ్డు పేరు అక్కడ చెడ్డవాళ్ళ వరసలో ఎక్కింది, కొనేవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు మొహం చాటేశారు. తనిఖీవాళ్ళు వచ్చి చెరువుల నీళ్ళు చూశారు, మేత చూశారు, నా ఐసుని కూడా సీసాలో పెట్టుకున్నారు. "దారిలో కరిగిపోతుందర్రా" అంటే నా మొహం వంక చూశారే గాని నవ్వలేదు. అన్నీ శుభ్రంగానే ఉన్నాయన్నారు. అన్నీ శుభ్రంగా ఉండటమే మా కొంప ముంచింది. కారణం దొరకలేదు, సైరను ఆగిపోయింది. మా సందులో ఆడవాళ్ళు గుమ్మాల్లో కూర్చుని, ఖాళీ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకునేవారు.

ఒకరోజు యజమాని అందరినీ షెడ్డు వాకిట్లోకి పిలిపించాడు. ముసలాయన, ఉన్నదంతా ఆ షెడ్డులోనే పెట్టినవాడు. మేడంని మాట్లాడమన్నాడు.

"కారణం ఇదీ, దాన్ని తీసేశాం అని మనం చెప్పగలిగితే వాళ్ళు మళ్ళీ చూస్తారు," అంది మేడం. "కారణం తెలీదంటే ఇక తలుపు తియ్యరు."

మేస్త్రమ్మ అందుకుంది. "ఎవరు చేశారో గాని వాళ్ళ చేతులు పడిపోను. ఇంతమంది నోటి ముందు కూడు లాగేసిన చేతులు పురుగులు పట్టిపోను." ఆవిడ తిడుతుంటే ఆడవాళ్ళందరూ తలలూపారు. కోడలుపిల్ల మాత్రం ఊపలేదు.

మేడం ఆగి, ఏదో తోచినట్టు అడిగింది. "మీలో ఎవరైనా చేతులకి ఏమైనా రాసుకున్నారా? పుండ్ల మందు, కళ్ళ మందు, అలాంటిదేదైనా?"

నేను మా చెల్లెలి వైపు చూశాను. ఆవిడకింకా అర్థం కాలేదు. ఇంకో తిట్టుకి నోరు తెరిచి ఉంది. కోడలుపిల్లకి అర్థమైంది. అంతవరకూ వాకిలి గోడవార నిలబడి ఉన్న పిల్ల ముందుకి వచ్చింది.

"నేను రాసుకున్నానండి."

"ఏం మందు?"

"పేరు తెలీదండి. తెల్ల ట్యూబు, పచ్చ మూత. మందుల కొట్లో కొనుక్కున్నాను. మధ్యాహ్నం పూట రాసుకునేదాన్ని."

పచ్చ మూతన్న మాట వినగానే మా చెల్లెలి చెయ్యి రొంటి దగ్గరికి పోయింది. రెండు సంగతులూ ఆవిడకి ఒక్కసారే తగిలాయి. ఆ మందు తనదే. ఆ పిల్ల ఒక్కరోజు కూడా నిద్రపోలేదు. మా చెల్లెలి నోరు దానంతటది మూతపడటం నేను అప్పుడే చూశాను. మళ్ళీ తెరిచి "అది..." అనబోయింది.

కోడలుపిల్ల మాట పూర్తి కానివ్వలేదు. "అత్తయ్యకి తెలీదండి. తెలిస్తే నన్ను గుమ్మంలోనే ఆపేసేవారు."

వాకిలంతా ఆ పిల్ల వైపు తిరిగింది. "నీ వేలి నొప్పికి మా కడుపులు మాడ్చావు కదే," అంది ఒకావిడ. యజమాని బోర్లించి ఉన్న తొట్టి మీద కూలబడ్డాడు. మేడం ఆ పిల్లని పనిలోంచి తీసేసినట్టు అక్కడే చెప్పింది. చెప్పేటప్పుడు కళ్ళు నేలకేసి ఉంచుకుంది.

మర్నాడు మా చెల్లెలు నా ఇంటికి వచ్చింది. "అన్నయ్యా, నాతో రా. వెళ్ళి చెప్పేస్తాను," అంది. ఇద్దరం షెడ్డుకి వెళ్ళాం. మేడం గదిలో నిలబడి, ట్యూబు బల్ల మీద పెట్టి, "మందు నాది. రాసింది నేను. పిల్ల నిద్రపోతుంటే రాశాను, దానికేం తెలీదు. దాని చోటు దానికిచ్చి నన్ను తీసెయ్యండి," అంది.

మేడం లేచి తలుపు మూసింది. ట్యూబు తీసుకుని దాని మీది పేరు చదివింది.

"కబురు వెళ్ళిపోయిందమ్మా. ఎవరి వల్ల జరిగిందో తెలిసింది, ఆ మనిషిని తీసేశామని చెప్పేశాం. వాళ్ళు ఆలోచిస్తామన్నారు. ఇప్పుడు మళ్ళీ, ఆ మనిషి కాదు, బల్లకి పెద్దగా పెట్టిన మనిషే రాసిందని చెప్తే, మీ షెడ్డులో ఏం జరుగుతోందో మీకే తెలీదంటారు. ఇక ఎప్పటికీ తెరవరు."

"అయితే నేను చేసింది నేను చేశానని చెప్పుకోడానికి కూడా లేదా?"

"అందరి పనీ ఆ కబురు మీదే ఉందమ్మా."

"ఇది విషమా మేడం?" అని అడిగాను నేను, ట్యూబు చూపించి.

"అక్కడి మందుల కొట్లలోనూ ఇలాంటిది అమ్ముతారు పెద్దాయనా. కళ్ళ కలకకి వాడతారు," అంది ఆవిడ. "కళ్ళలో వేసుకోవచ్చు. తిండిలో కనిపించకూడదు."

ఇంటికొచ్చేసరికి కోడలుపిల్ల గోడవార కూర్చుని ఉంది. మా చెల్లెలు ఎదురుగా చతికిలబడింది. గుమ్మం దగ్గర నేను చెప్పులు వెతుక్కుంటున్నట్టు నిలబడిపోయాను.

"మొద్దుదానా," అంది మా చెల్లెలు. గొంతులో పదును లేదు. "అన్నీ తెలిసే పడుకున్నావా?"

"ఊఁ."

"ఒక్కసారి లేచి, ఏంటత్తయ్యా ఇది అని అడగలేకపోయావా?"

"లేస్తే మానేస్తారని," అంది ఆ పిల్ల.

నేను బయటికి వచ్చేశాను. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

సందులోవాళ్ళు ఆ పిల్లతో మాటలు మానేశారు. కుళాయి దగ్గర ఆ పిల్ల బిందె పెడితే మిగతా బిందెలు పక్కకి జరిగేవి. ఆ కోడలు ఇంట్లో ఉన్నంతకాలం, రేపు షెడ్డు తెరిచినా మేస్త్రమ్మ బల్ల దగ్గర మేం నిలబడమని ఆడవాళ్ళు సూపర్వైజరుతో తెగేసి చెప్పారు. సరుకు లేక మా మేనల్లుడి లారీ కూడా ఆగిపోయింది. వాడు వేరే ఊళ్ళో ఇసక లారీ చూసుకున్నాడు.

"అమ్మ ఏం మాట్లాడటం లేదు మామయ్యా," అన్నాడు వెళ్ళే రోజు పొద్దున్న. "వెళ్ళేలోపు మమ్మల్ని ఒక్కసారి తిట్టమను. ఇలా ఉంటే కాళ్ళు కదలట్లేదు."

నేను నా విద్యలన్నీ వాడాను. ఇసక లారీ నడిపేవాళ్ళకి కళ్ళలో ఇసక పడి, నిద్దట్లో కూడా మొహం కడుక్కుంటారని చెప్పాను. కోడలుపిల్ల నవ్వబోయి ఆగింది. మా చెల్లెలు మూటకి ముడి వేస్తూ, విప్పి మళ్ళీ వేస్తూ ఉంది.

"ఉండిపోవే," అంది చివరికి, ముడి వంకే చూస్తూ. "వాళ్ళని నేను చూసుకుంటాను. నేనే మానేస్తాను. అందరికీ చెప్పేస్తాను."

"చెప్తే షెడ్డు తెరవరు అత్తయ్యా. అప్పుడు అందరూ పోతారు."

"పోతే పోనీ."

"మీ చోటు మీకుంటే చాలు నాకు," అంది ఆ పిల్ల. వంగి కాళ్ళకి దణ్ణం పెట్టబోతే మా చెల్లెలు కాళ్ళు వెనక్కి లాక్కుని, ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. బస్సు మలుపు తిరిగేవరకూ తియ్యలేదు.

చాలా నెలలకి అనుమతి వచ్చింది. సైరను మోగింది. షెడ్డు తెరిచారు గాని పాత షెడ్డు కాదు. కత్తెర లేదు. ప్రతి బల్ల మీదా కెమెరా కన్ను పెట్టారు. కొనే ధర తగ్గించారు, బల్లలు సగానికి తగ్గాయి. మా చెల్లెలూ పనిలోకి వచ్చింది. నిండా తొడుగులతో ఒలుస్తుంటే ఆవిడ చేతుల్లోనూ నరం తెగిపోతోంది. తెగినా తిట్టడం లేదు. రొయ్యని పక్కన పెట్టి ఇంకోటి తీసుకుంటోంది.

మొదటి వారంలోనే సూపర్వైజరు ఒక కొత్తపిల్లని తీసుకొచ్చి ఆవిడ ఎడమవైపు నిలబెట్టాడు.

"అక్కడ వద్దు," అంది మేస్త్రమ్మ.

"ఎందుకు?"

"అక్కడ నేల జారుతుంది."

సూపర్వైజరు వంగి నేల చూశాడు. పొడిగా ఉంది. బల్ల దగ్గరి ఆడవాళ్ళందరూ చేతులు ఆపి చూస్తున్నారు. మా చెల్లెలు తలెత్తలేదు. చేతిలో రొయ్యని అలాగే పట్టుకుని ఉంది.

నేను తొట్టి అటు తోసుకెళ్ళి, పట్టు తప్పినట్టు వంచి, ఒక పారెడు ఐసు ఆ చోట పోశాను. సూపర్వైజరు నా వయసుని తిట్టి, కొత్తపిల్లని బల్లకి ఆ చివర నిలబెట్టాడు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే అక్కడ ఇంత ఐసు పడుతోంది. తొట్టి చక్రం వంకరపోయిందని చెప్పుకుంటున్నాను.